ఫైలులో భద్రం... పనిలో ప్రమాదం

2023 జూన్ 2వ తేదీ సాయంత్రం ఏడు గంటల వేళ ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్‌లో నేరుగా సాగిపొమ్మని ఆకుపచ్చ సిగ్నల్ వెలిగింది. పట్టాలు మాత్రం లూప్ లైన్ వైపు మళ్లి ఉన్నాయి. ఆ లైన్‌లో ఆగి ఉన్న ఇనుప ఖనిజం గూడ్సును రైలు అదే వేగంతో వెళ్లి ఢీకొంది. చెల్లాచెదురైన పెట్టెలు పక్క లైన్‌లో వెళుతున్న యశ్వంత్‌పూర్-హౌరా ఎక్స్‌ప్రెస్‌ను తాకాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

సిగ్నల్ ఒక మాట, పట్టాలు ఒక మాట చెప్పడానికి కారణమేమిటని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ జరిపారు. ఆ రోజు స్టేషన్ సమీపంలోని 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు వద్ద విద్యుత్ బారియర్‌ను మార్చే పని జరిగింది. ఆ పనికి ఆ స్టేషన్ కోసం ప్రత్యేకంగా ఆమోదించిన సర్క్యూట్ చిత్రం సిబ్బందికి అందలేదని, దానివల్లే వైర్ల కలయిక తప్పిందని కమిషనర్ తేల్చారు. స్టేషన్‌లోని సిగ్నల్ పెట్టెలలో వైర్లకు అంటించిన గుర్తులు వాస్తవానికి సరిపోలడం లేదని, ఆ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదని కూడా నివేదిక పేర్కొంది. అంతకు ఏడాది క్రితం, 2022 మే 16న, అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని మరో స్టేషన్‌లో వైర్లు తప్పుగా కలపడం వల్లనే సిగ్నల్‌కు, పట్టాలకు పొంతన తప్పింది. అప్పుడే లోపాలు సరిదిద్ది ఉంటే బహనగా బజార్ దుర్ఘటన జరిగేది కాదని కమిషనర్ అభిప్రాయపడ్డారు.

ఒక చిత్రపటం, ఒక చీటీ, వైరు మీద రెండు అక్షరాలు. పెద్ద పరిశ్రమల లెక్కలో ఇవి అతి చిన్న వస్తువులు. అయితే పని చేసే మనిషికి ‘ఇది ఇలా చేయి’ అని చెప్పేవి ఇవే. ప్రమాదం జరిగిన ప్రతిసారీ ‘మానవ తప్పిదం’ అనే మాట వినిపిస్తుంది. ఆ మనిషి చేతికి ఏ సూచన ఇచ్చారు, అది ఏ రూపంలో ఉంది, ఏ భాషలో ఉంది, పని చేసే చోట ఉందా లేక కార్యాలయంలో బీరువాలో ఉందా అన్న ప్రశ్నలు అరుదుగా వినిపిస్తాయి. గత నాలుగు దశాబ్దాల పారిశ్రామిక దుర్ఘటనల నివేదికలు పరిశీలిస్తే, సూచన అసలే లేని సందర్భాల కంటే, సూచన ఉండి కూడా పనికి రాకుండా పోయిన సందర్భాలే కలవరపరుస్తాయి.

భోపాల్ చెప్పిన సత్యం

1984 డిసెంబర్ 2వ తేదీ రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారంలో ఏం జరిగిందో దేశానికంతటికీ తెలుసు. మిథైల్ ఐసోసైనేట్ నిల్వ ఉన్న ట్యాంకులోకి నీరు చేరింది. రసాయనిక చర్య చెలరేగి సుమారు 40 టన్నుల విషవాయువు నగరం మీదకు వెలువడింది. నీరు ఎలా చేరిందన్న విషయంలో వివాదం నేటికీ ఉంది. ఎవరో కావాలని కలిపారని కంపెనీ వాదించింది. ఆ సాయంత్రం గొట్టాలను నీటితో కడిగిన పని నుంచే అది వచ్చిందని కార్మికులు, పలువురు పరిశోధకులు చెప్పారు.

ఆ కడిగే పనిలో ఒక చిన్న వివరం ఉంది. గొట్టాన్ని కడిగే ముందు, వాల్వు మూసి ఉన్నప్పటికీ, దానికి తోడుగా ఒక లోహపు పలక అడ్డం పెట్టాలి. వాల్వు కారినా నీరు ముందుకు పోకుండా అది ఆపుతుంది. ఆ రోజు పలక పెట్టలేదు. కడిగే పని ఆపరేటర్‌ది. పలక పెట్టే పని మెయింటెనెన్స్ విభాగానిది. రాత్రి షిఫ్టులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టును అంతకు కొద్ది రోజుల ముందే తీసేశారు. పలక లేని సంగతి గమనించానని, అయితే అది తన పని కాదని ఆపరేటర్ తర్వాత పత్రికలవారితో చెప్పాడు. ఒకే పనిలోని రెండు మెట్లు రెండు విభాగాల మధ్య విడిపోయాయి. మొదటి మెట్టు పూర్తి కానిదే రెండోది మొదలు పెట్టకూడదని ఆపరేటర్ చేతిలో ఉన్న ఏ కాగితమూ అతన్ని ఆపలేదు.

అదే రాత్రి పదిన్నర ప్రాంతంలో ట్యాంకు ప్రెషర్ చదరపు అంగుళానికి 2 పౌండ్లు. పదకొండు గంటలకు అది 10 పౌండ్లు. ఈ మధ్యలో షిఫ్టు మారింది. రెండు నుంచి ఇరవై ఐదు పౌండ్ల వరకు మామూలే కాబట్టి పది అనే అంకె కొత్త షిఫ్టు వారికి వింతగా తోచలేదు. అరగంటలో అయిదు రెట్లు పెరిగిందన్నదే అసలు హెచ్చరిక. ‘ఇంతకు మించితే చెప్పు’ అని నేర్పిన పద్ధతిలో ‘ఇంత త్వరగా పెరిగితే చెప్పు’ అన్న మాటకు చోటు లేకపోయింది.

ఈ కర్మాగారంలో నిర్వహణ గ్రంథాలు ఆంగ్లంలో ఉండేవని, వాటిని చదివి అర్థం చేసుకోగల కార్మికులు తక్కువని దుర్ఘటన తర్వాత వెలువడిన కథనాలు తెలిపాయి. అయితే దోషమంతా భాషదే అనడం న్యాయం కాదు. రసాయనాన్ని సున్నా డిగ్రీల దరిదాపుల్లో చల్లగా ఉంచాలని ఆ గ్రంథాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. శీతలీకరణ యంత్రాన్ని నెలల ముందే ఆపివేసింది కార్మికులు కారు, యాజమాన్యం. సూచనను ఉల్లంఘించే తొలి చెయ్యి అనేకసార్లు పైనుంచే వస్తుందన్నది భోపాల్ చెప్పిన సత్యం.

ఒక పంపు, రెండు అనుమతి పత్రాలు

సూచన పత్రం రూపమే ప్రాణాంతకం కావచ్చునని చెప్పడానికి ప్రపంచంలోని భద్రతా నిపుణులందరూ ఉదహరించే ఘటన 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై జరిగింది. అక్కడ ఒక పంపుకు సంబంధించి రెండు అనుమతి పత్రాలు ఉన్నాయి. ఒకటి పంపు మరమ్మతుకు. ఆ పని ఇంకా మొదలు కాలేదు. రెండోది అదే పంపు మార్గంలోని సేఫ్టీ వాల్వును తీసి పరీక్షించడానికి. ఆ పని మొదలై, వాల్వు తీసిన చోట తాత్కాలికంగా ఒక మూత బిగించి వదిలారు. రెండు పత్రాలూ వేర్వేరు చోట్ల ఉండిపోయాయి.

రాత్రి షిఫ్టులో రెండో పంపు ఆగిపోయింది. సిబ్బందికి మొదటి పత్రం మాత్రమే కనిపించింది. మరమ్మతు మొదలు కాలేదు గనుక మొదటి పంపును వాడుకోవచ్చునని వారు భావించి ఆన్ చేశారు. బిగుతు లేని మూత నుంచి గ్యాస్ ఎగజిమ్మింది. 167 మంది మరణించారు. 1990లో వెలువడిన లార్డ్ కల్లెన్ నివేదిక ఈ అనుమతి పత్రాల విధానాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. అక్కడ కాగితాలు లేకపోలేదు. ఒక కాగితానికి మరో కాగితం ఉనికి తెలియకపోవడమే లోపం.

భారతదేశంలో చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ తన 105వ నంబరు ప్రమాణంలో పని అనుమతి పత్రాల విధానాన్ని నిర్దేశించింది. నిప్పుతో చేసే పనికి, ట్యాంకుల లోపల దిగి చేసే పనికి, విద్యుత్ నిలిపివేతకు అనుమతి ఎవరు ఇవ్వాలో, ఎవరు తీసుకోవాలో, పని ముగిశాక ఎవరు మూసివేయాలో అందులో ఉంది. అయితే అనుమతి పత్రం విలువ దానిపై ఉన్న సంతకాల సంఖ్యలో లేదు. సంతకం చేసినవారు ఆ చోటికి వెళ్లి కళ్లారా చూశారా అన్నదానిలో ఉంది. బల్ల దగ్గర కూర్చుని ఇరవై పత్రాలపై వరుసగా చేసే సంతకం అనుమతి అవుతుందే గాని రక్షణ కాదు.

విశాఖలో మోగని సైరన్

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. నిద్రలో ఉన్న జనం వీధుల్లోకి పరుగెత్తి ఎక్కడివారక్కడ కుప్పకూలిన దృశ్యాలను దేశమంతా చూసింది. కరోనా లాక్‌డౌన్ కారణంగా కర్మాగారం వారాల తరబడి నిలిచిపోయి, తిరిగి తెరవడానికి సిద్ధమవుతున్న సమయమది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నత స్థాయి కమిటీ 2020 జూలైలో నివేదిక సమర్పించింది. ప్రమాదానికి 21 ప్రధాన కారణాలను గుర్తించి, అందులో 20కి యాజమాన్యానిదే బాధ్యత అని పేర్కొంది.

నివేదికలోని రెండు అంశాలు ప్రస్తుత చర్చకు నేరుగా సంబంధించినవి. ఒకటి, ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలో మాత్రమే కొలిచే ఏర్పాటు ఉంది. మధ్యలో, పైభాగంలో ఎంత వేడి ఉందో తెలిపే సాధనం లేదు. ప్రమాదకరమైన వేడి పుట్టింది ఆ పైభాగాలలోనే. రిజిస్టరులో ఉష్ణోగ్రత అని ఒకే గడి ఉన్నప్పుడు అందులో ఒకే అంకె పడుతుంది. ఆ అంకె సవ్యంగా కనిపించినంత కాలం రిజిస్టరు చూసిన ప్రతివారికీ అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పత్రంలో లేని గడిని ఏ ఆపరేటరూ నింపడు. రూపకల్పనలో జరిగిన పొరపాటు ఆ విధంగా ప్రతి షిఫ్టులోనూ నిజాయితీగా పునరావృతమవుతుంది.

రెండోది, గేటుతో సహా 36 చోట్ల నుంచి అత్యవసర సైరన్ మోగించే సదుపాయం ఉన్నా దాన్ని ఉపయోగించలేదు. ముప్పై ఆరు మీటలు ఉన్నాయి, నొక్కే చెయ్యి లేదు. ఏ పరిస్థితిలో, ఎవరు, ఎవరి అనుమతి కోసమూ చూడకుండా సైరన్ నొక్కవచ్చునో ప్రతి ఉద్యోగికీ ఒక్క వాక్యంలో తెలిసి ఉండాలి. వంద పేజీల అత్యవసర ప్రణాళికలో అది ఎక్కడో ఉంటే చాలదు. ఊపిరాడని రాత్రి ఎవరూ వంద పేజీలు తిరగేయరు.

నాణ్యతకూ అదే దారి

భద్రతకు వర్తించే ఈ న్యాయమే నాణ్యతకూ వర్తిస్తుంది. మాత్రల తయారీలో ప్రతి బ్యాచ్‌కూ ఒక రికార్డు ఉంటుంది. ఏ ముడి పదార్థం ఎంత తూచాలి, ఎంతసేపు కలపాలి, ఏ వేడిలో ఆరబెట్టాలి అన్న సూచన అందులోనే ఉంటుంది. చేసిన వెంటనే కాలాన్ని, తూకాన్ని రాసి సంతకం చేసే ఖాళీ కూడా ఆ పక్కనే ఉంటుంది. సూచన, సాక్ష్యం ఒకే కాగితం మీద ఉండటం ఔషధ పరిశ్రమ కనుగొన్న మంచి పద్ధతి. ఇందులో ఒక్క షరతు ఉంది. పని జరుగుతుండగానే రాయాలి. సాయంత్రం కూర్చుని అన్ని గడులూ ఒకేసారి నింపితే ఆ కాగితం కట్టుకథ అవుతుంది.

ఆ కట్టుకథల ధర భారత పరిశ్రమ చెల్లించింది. తప్పుడు వివరాలు, తయారీ ప్రమాణాల ఉల్లంఘనకు సంబంధించిన కేసులో రాన్‌బాక్సీ సంస్థ 2013 మే నెలలో అమెరికాలో నేరాన్ని అంగీకరించి 50 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ దశాబ్దంలో మన దేశంలోని పలు ఔషధ కర్మాగారాలకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ నుంచి హెచ్చరిక లేఖలు వచ్చాయి. రాతపూర్వక పద్ధతులను పాటించకపోవడం, ప్రయోగశాల వివరాలను తొలగించడం, పాత తేదీలు వేసి రికార్డులు నింపడం వంటి ఆక్షేపణలు వాటిలో కనిపించాయి. ఔషధాల తయారీ ప్రమాణాలను నిర్దేశించే షెడ్యూల్-ఎంను కేంద్రం 2023 డిసెంబర్‌లో సవరించింది.

మరోవైపు కాగితాలు పెరగడమే నాణ్యత అన్న భ్రమ కూడా పరిశ్రమను పీడించింది. ఐఎస్‌ఓ 9000 ప్రమాణాలు 1987లో వెలువడిన తర్వాత, ముఖ్యంగా 1990వ దశకంలో, ధ్రువపత్రం కోసం భారత కంపెనీలు బారులు తీరాయి. అలమరాల నిండా విధాన గ్రంథాలు చేరాయి. తనిఖీకి వారం ముందు దుమ్ము దులిపి, తనిఖీ ముగిశాక తిరిగి పైకెక్కించిన కర్మాగారాలు కొల్లలు. ప్రమాణాలు రూపొందించినవారే ఈ విపరీతాన్ని గుర్తించారు. 2000 సంవత్సరపు సవరణలో తప్పనిసరి విధాన పత్రాల సంఖ్యను ఆరుకు తగ్గించారు. 2015 సవరణలో ఆ ఆరింటినీ తప్పనిసరి జాబితా నుంచి తీసేసి, అవసరమైన సమాచారం అవసరమైన చోట పత్రబద్ధంగా ఉంటే చాలన్నారు.

ధ్రువపత్రం గోడకు వేలాడుతున్నంత మాత్రాన గోడ లోపల మనుషులు క్షేమంగా ఉన్నట్టు కాదని పొరుగుదేశంలో జరిగిన ఘోరం చాటింది. కరాచీలోని బల్దియా ప్రాంతంలో అలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల కర్మాగారం 2012 ఆగస్టులో సామాజిక బాధ్యతకు సంబంధించిన ఎస్‌ఏ 8000 ధ్రువపత్రం పొందింది. సెప్టెంబర్ 11న అందులో మంటలు చెలరేగి 250 మందికి పైగా కార్మికులు మరణించారు. అది కావాలని పెట్టిన నిప్పు అని 2020లో కరాచీ న్యాయస్థానం తీర్పు చెప్పింది. నిప్పు ఎవరు పెట్టినా, తాళాలు వేసిన తలుపులు, ఊచలు బిగించిన కిటికీలు కార్మికులను బయటికి రానివ్వలేదు. తనిఖీ పత్రంలో ‘అత్యవసర ద్వారాలు ఉన్నవి’ అన్న గడి నిండి ఉండవచ్చు. ఆ ద్వారం పని వేళ తెరిచి ఉందా అన్నది వేరే ప్రశ్న.

ఎవరి భాషలో?

1948 నాటి కర్మాగారాల చట్టం 108వ సెక్షన్ ప్రకారం కర్మాగారంలో ప్రదర్శించే నోటీసులు ఆంగ్లంలోను, కార్మికులలో అత్యధికులకు అర్థమయ్యే భాషలోను ఉండాలి. భోపాల్ తర్వాత 1987లో ఆ చట్టాన్ని సవరించి, కార్మికులకు సమాచారం, సూచన, శిక్షణ, పర్యవేక్షణ అందించడం యాజమాన్యపు విధి అని స్పష్టం చేశారు. ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. చట్టం మారినా క్షేత్రంలోని ప్రశ్న మారలేదు. ‘అత్యధికుల భాష’ అనేది ఒకటే ఉన్న కర్మాగారాలు నేడు ఎన్ని?

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు బలిగొంది. మృతులలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు ఎక్కువ. హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లో ఒకే షిఫ్టులో ఒడియా, భోజ్‌పురి, హిందీ, బెంగాలీ, తెలుగు మాట్లాడేవారు పక్కపక్కనే పనిచేస్తున్నారు. సూపర్‌వైజర్ తెలుగువాడు, యంత్రంపై అక్షరాలు ఆంగ్లంలో, గోడపై బోర్డు తెలుగులో, పనిచేసే కుర్రవాడు గంజాం నుంచి వచ్చినవాడు. ఇతనికి ఏ భాషలో చెప్పారన్నది ప్రమాదం జరిగాక అడగవలసిన ప్రశ్న కాదు.

తెలుగులో రాసినంత మాత్రాన సమస్య తీరదన్నది కూడా గమనించాలి. ఆంగ్ల వాక్యంలో నిషేధం మొదటే వినబడుతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, నిషేధం ఆ క్రియ తోకలో ఉంటుంది. ‘ప్రెషర్ పూర్తిగా తగ్గినట్లు గేజీలో నిర్ధారించుకొననిదే పైమూతను తెరవవలదు’ అన్న వాక్యంలో ప్రాణం కాపాడేది చివరి పదమే. ‘వలెను’, ‘వలదు’ అన్న మాటలకు చివరి రెండు అక్షరాలే తేడా. నూనె మరకలు పడి బోర్డు అంచు చెరిగిపోతే నిషేధం కాస్తా ఆదేశమై కూర్చుంటుంది. అదే సూచనను విడగొట్టి ‘మూత ముట్టవద్దు. ముందు గేజీ చూడండి. ముల్లు సున్నాపై ఉంటేనే మూత తీయండి’ అని రాస్తే చదువు తక్కువైనవారికీ తెలుస్తుంది.

పదాల ఎంపికలోనూ ఇదే చిక్కు. వాల్వును ‘కవాటం’ అని, ప్రెషర్‌ను ‘పీడనం’ అని బోర్డుపై రాస్తే పాఠ్యపుస్తకానికి అందంగా ఉంటుంది. షాపుఫ్లోర్‌పై ఇరవై ఏళ్లు పనిచేసిన ఫిట్టర్ నోట ఆ మాటలు రావు. అతనికి అది వాల్వే, చేతిలోది పానాయే. సూచన రాసే ఇంజనీరు ఆ ఫిట్టర్ మాటను ఎరువు తెచ్చుకోవడం నామోషీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత సుమారు 73 శాతం; నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67 శాతం. అక్షరం రానివారికి ఎరుపు నిషేధం, పసుపు హెచ్చరిక, నీలం తప్పనిసరి, ఆకుపచ్చ క్షేమం అన్న రంగుల భాష, బొమ్మల భాష ఉంది. అయితే దాన్ని కూడా నేర్పవలసిందే. త్రికోణంలోని మంట బొమ్మ దానంతట అదే మాట్లాడదు.

చెప్పి వదిలేస్తే చాలదు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా కర్మాగారాల్లోకి అనుభవం లేనివారు లక్షలాదిగా వచ్చి చేరినప్పుడు, వారికి త్వరగా పని నేర్పడానికి ఒక పద్ధతి రూపొందించారు. ఒక చిన్న కార్డుపై పనిలోని ముఖ్యమైన మెట్లు ఒక వరుసలో, ప్రతి మెట్టుకూ ఎదురుగా జాగ్రత్తలు మరో వరుసలో రాస్తారు. నేర్పేవాడు ముందు చేసి చూపాలి. తర్వాత నేర్చుకునేవాడు చేసి, ప్రతి మెట్టునూ, దాని కారణాన్నీ తిరిగి చెప్పాలి. పనివాడు నేర్చుకోలేదంటే నేర్పినవాడు నేర్పలేదనే అర్థం అన్నది ఆ పద్ధతికి మూలసూత్రం. యుద్ధానంతరం జపాన్ పరిశ్రమలు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. 1950వ దశకంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సాయంతో ఇది భారతదేశానికీ వచ్చింది.

ఎనభై ఏళ్లయినా ఆ కార్డు పాతబడలేదు. ఒక మెట్టుకు ఒక పని. హెచ్చరిక ఆ మెట్టుకు ముందు, తర్వాత కాదు. ‘తగినంత’, ‘సరిపడా’ అనే మాటలకు బదులు అంకె, కొలత. ఎందుకు చేయాలో ఒక చిన్న కారణం. వేడి, ఒత్తిడి హద్దు దాటితే ఏం చేయాలో అదే కాగితంపై. యంత్రం మారిన రోజే కాగితం మారాలి. పాత కాగితం అక్కడి నుంచి పోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పని రోజూ చేసే మనిషి దాన్ని చదివి ‘ఇది ఇలా కుదరదు’ అని చెప్పే అవకాశం ఉండాలి. కుదరని సూచనను కార్మికుడు పాటించడు. తన పద్ధతిలో పని పూర్తి చేసి, సూచన ప్రకారం చేసినట్టు సంతకం పెడతాడు. ఆ క్షణం నుంచి యాజమాన్యం చూసే కర్మాగారం వేరు, నడిచే కర్మాగారం వేరు.

కాగితానికి ఉన్న పరిమితినీ ఒప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రసవ భద్రతా పట్టికను ఉత్తరప్రదేశ్‌లోని 120 ఆరోగ్య కేంద్రాలలో పరీక్షించారు. సగం కేంద్రాలలో పట్టికతో పాటు సిబ్బంది పక్కనే ఉండి నేర్పే శిక్షకులను పంపారు. శిక్షణ మొదలైన రెండు నెలలకు అక్కడ పాటించవలసిన పనులలో 73 శాతం జరిగాయి. మిగతా కేంద్రాలలో 42 శాతమే. శిక్షకులు వెళ్లిపోయాక, ఏడాది నాటికి 73 కాస్తా 62కు తగ్గింది. తల్లీబిడ్డల మరణాలలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2017లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. పట్టిక మనిషి అలవాటును మార్చగలదు. అందుబాటులో లేని మందును, రక్తాన్ని, వైద్యుణ్ణి తేలేదు. కర్మాగారంలోనూ అంతే. చెడిపోయిన వాల్వుకు మంచి సూచన పత్రం ప్రత్యామ్నాయం కాదు.

రాసిన మాట, నోటి మాట

2012 నవంబర్ 24న ఢాకా సమీపంలోని తజ్రీన్ దుస్తుల కర్మాగారంలో మంటలు రేగినప్పుడు అలారం మోగింది. కార్మికులు లేచి బయలుదేరబోగా, ఏమీ లేదు పనిచేసుకోండని మేనేజర్లు వెనక్కి పంపారని ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. 110 మందికి పైగా మరణించారు. అలారం ఒక సూచన. మేనేజర్ మాట మరో సూచన. రెండూ ఢీకొన్నప్పుడు కార్మికుడు ఏది వినాలి? జీతం ఇచ్చే చేతి మాటే గెలుస్తుంది. అయిదు నెలల తర్వాత, 2013 ఏప్రిల్ 24న, రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. గోడల్లో పగుళ్లు ముందురోజే కనిపించాయి. అయినా తెల్లవారి కార్మికులను లోపలికి రప్పించారు.

ఆ తర్వాత విదేశీ దుస్తుల కంపెనీలు, కార్మిక సంఘాలు కుదుర్చుకున్న బంగ్లాదేశ్ ఒప్పందంలో, ప్రమాదం ఉందని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు పని చేయడానికి నిరాకరించే హక్కును కార్మికుడికి రాసిచ్చారు. మన కర్మాగారాల చట్టంలోనూ 1987 సవరణ ద్వారా, తక్షణ ప్రమాదం ఉందని భావించిన కార్మికులు యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు చేరింది. సూచన పత్రాలన్నింటిలోనూ మొదటి వాక్యం కావలసింది ఈ హక్కే. ‘అనుమానం వస్తే ఆపండి, ఆపినందుకు శిక్ష లేదు’ అన్న వాక్యం కింద మేనేజర్ సంతకం ఉంటే మిగిలిన పేజీలకు విలువ వస్తుంది. అది లేని చోట కార్మికుడికి ఇచ్చే ప్రతి సూచన, రేపటి విచారణలో అతని మీద మోపడానికి సిద్ధం చేసిన నేరారోపణ పత్రంగా మిగిలే అవకాశం ఉంది.

ప్రతి ఏటా మార్చి 4న దేశమంతటా జాతీయ భద్రతా దినోత్సవం జరుగుతుంది. బ్యానర్లు కడతారు, ప్రతిజ్ఞలు చేస్తారు, నినాదాల పోటీలో బహుమతులు ఇస్తారు. తనిఖీకి వచ్చిన అధికారి ఫైళ్లు అడుగుతాడు; ఫైళ్లు సిద్ధంగా ఉంటాయి. ఫైలు మూసి, యంత్రం దగ్గర నిలబడ్డ మనిషిని పలకరించి, ‘ఈ మూత తీసే ముందు ఏం చేస్తావు? ముల్లు ఇక్కడికి వస్తే ఏం చేస్తావు? ఎవరికి చెబుతావు? అది నీకు ఎక్కడ రాసి ఉంది, చూపించు’ అని నాలుగు ప్రశ్నలు వేయడానికి పది నిమిషాలు చాలు. ఆ మనిషి చెప్పే జవాబే కర్మాగారంలోని అసలైన సూచన పత్రం. బహనగా బజార్‌లో వైరు మీది తప్పుడు గుర్తును అడిగి సరిచూసుకునే ఆ పది నిమిషాలు ఏళ్ల తరబడి ఎవరికీ దొరకలేదు.